గార్బేజ్, ట్రాష్ ఒకటేనా? పత్తి చూసేవాడి మాట

నిన్న ఇక్కడ ఒక చెల్లెమ్మ అడిగింది, గార్బేజ్ అన్నా ట్రాష్ అన్నా మనకు చెత్తే, మరి ఇంగ్లీషులో రెండు మాటలెందుకు అని. దాని కింద జవాబుల్లో చాలామంది రెండూ ఒకటే, అమెరికావాళ్లు ఏది నోటికొస్తే అది అంటారని రాసేశారు. ఇప్పటి వాడుకలో అది చాలావరకు నిజమే, కాదనను. కానీ ఆ జవాబు దగ్గర ఆగిపోవడం నాకు నచ్చలేదు, ఎందుకంటే నేను పద్దెనిమిదేళ్లుగా గుంటూరు దగ్గర ఒక జిన్నింగ్ మిల్లులో, అంటే పత్తి నుంచి గింజ వేరుచేసే మిల్లులో, పత్తి నాణ్యత చూసే పనిలో ఉన్నాను, మా దగ్గర ట్రాష్ అనే మాట రోజుకి యాభై సార్లు వినపడుతుంది, గార్బేజ్ అనే మాట ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా వినపడలేదు.

రైతు తెచ్చిన బోరెం, అంటే పత్తి నింపిన పెద్ద గోనె సంచి, విప్పగానే మోచేతి దాకా చెయ్యి పెట్టి లోపలి నుంచి ఒక గుప్పెడు పత్తి తీస్తాం. పైన ఎప్పుడూ బాగానే ఉంటుంది, లోపలిదే చూడాలి. దాన్ని రెండు చేతులతో మెల్లగా విడదీస్తే, తెల్లటి దూది మీద నశ్యం పొడిలాగా గోధుమరంగు నలుసులు కనపడతాయి. ఎండుటాకు పొడి, కాయ డిప్పల ముక్కలు, చిన్న చిన్న పుల్లలు. మధ్యాహ్నం ఎండలో తీసిన పత్తిలో ఇవి ఎక్కువుంటాయి, ఎండకి ఆకు పెళుసెక్కి చెయ్యి తగిలితే చాలు పొడై దూదికి పట్టుకుంటుంది. అందుకే పొద్దున్నే చల్లటి పూట తీయమని చెప్తారు. మా రిపోర్టులో నేను "ట్రాష్ ఎక్కువ" అని రాస్తాను. పక్కన నిలబడ్డ రైతు మాత్రం "ఆకు పడిందండీ" అంటాడు. నేను ఇన్నాళ్లూ ఆయన మాటను పట్టించుకోలేదు, నాదే సరైన మాట అనుకున్నాను. నిఘంటువు తిరగేశాక తెలిసింది, ఆ ఇంగ్లీషు మాట అసలు అర్థం రైతు నోట్లోనే ఉందని. ట్రాష్‌కి చుట్టరికం ఉన్న పాత నార్స్ (ఉత్తర ఐరోపాలో ఒకప్పటి భాష) మాటకి రాలిన ఆకులు, పుల్లలు అనే అర్థం. నార్వే, స్వీడన్ భాషల్లోనూ దాని తోబుట్టువులున్నాయని పండితులు చెప్తారు.

నమ్మకం కుదరకపోతే ఉయ్యూరు వైపు చెరకు వేసేవాళ్లని అడగండి. చెరకు నరికాక మిగిలిన ఎండుటాకుని చాళ్ల మధ్య పరుస్తారు, తేమ ఆరిపోకుండా, కలుపు లేవకుండా. దాన్ని ఇంగ్లీషులో ట్రాష్ మల్చింగ్ అంటారు, మన వ్యవసాయ పుస్తకాలు చెరకు చెత్త కప్పడం అని రాస్తాయి. అక్కడ గార్బేజ్ అని ఎవరూ అనరు, అంటే నవ్వుతారు.

ఇక గార్బేజ్ సంగతి. ఇది పుట్టింది వంటింట్లో. పదిహేనో శతాబ్దపు ఇంగ్లీషు వంట పుస్తకాల్లో గార్బేజ్ అంటే పారేసేది కాదు, వండుకునేది! కోడి తల, కాళ్లు, కార్జం, కందనకాయ, వీటన్నిటినీ కలిపి ఆ పేరుతో పిలిచేవాళ్లు, వాటితో కూర చేసుకునే పద్ధతి కూడా రాసిపెట్టారు. మొన్న ఆదివారం గుంటూరు బ్రాడీపేటలో చికెన్ కొట్టు దగ్గర నిలబడి ఉంటే నా ముందు ఒక పెద్దావిడ "నాయనా, కందనకాయలు విడిగా అరకిలో కట్టు" అంది, అబ్బాయి అవి కవర్లో వేసి, పేగులూ ఈకలూ కాలితో బకెట్ వైపు నెట్టాడు. ఐదొందల ఏళ్ల కిందటి ఇంగ్లీషువాడికి ఆ కవర్లోదే గార్బేజ్. తర్వాత తర్వాత ఆ మాట కవర్లోంచి బకెట్లోకి జారింది, వండేది పోయి పారేసేది మిగిలింది. జారినా తడి మాత్రం పోలేదు.

ఆ తడీ పొడీ తేడాని అమెరికా ఊళ్లు చాలాకాలం గట్టిగానే పాటించాయి. వంటింటి మిగులు, తొక్కలు, ఎంగిలి గార్బేజ్. కాగితాలు, డబ్బాలు, గుడ్డపేలికలు ట్రాష్. రెండిటికీ వేరువేరు బళ్లు వచ్చేవి, ఎందుకంటే గార్బేజ్‌ని పందులకు మేపేవాళ్లు, అందులో గాజుపెంకు పడితే పంది చచ్చిపోతుంది. తర్వాత పందులకు రోగాలొచ్చి, ఉడకబెట్టకుండా మేపకూడదని చట్టాలు చేశారు, దాంతో ఖర్చు పెరిగి ఆ పద్ధతి తగ్గింది. రెండూ ఒకే బండి ఎక్కాక మాటలు కూడా కలిసిపోయాయి. నాకు ఇక్కడే మనసు ఆగింది, మాట కలిసిపోయింది నాలుక మీద కాదు, బండిలో.

మన దగ్గర జరిగిందీ ఇంచుమించు ఇదే. మా నానమ్మ ఇంట్లో చెత్త అనే ఒక్క మాటతో పని జరిగేది కాదు. వాకిట్లో ఊడ్చింది కసువు. పాత తెలుగులో కసవు అంటే గడ్డి, అదే రాలిన గడ్డీ గాదం ఊడ్చేదానికి పేరైంది, ట్రాష్ నడిచిన దారే. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, తౌడు, కూరగాయ తొక్కలు వెళ్లేది కుడితి గోలేనికి. కుడితి అనే మాటలోనే కుడవడం ఉంది, అంటే గేదె తాగేది, పారేసేది కాదు. పెంటకుప్ప అంటే ఇప్పుడు తిట్టు, అప్పుడు వేసవిలో బండ్లు కట్టి పొలానికి తోలుకునే ఎరువు. గేదె పోయింది, గోలెం పోయింది, ఇప్పుడు "కుడితిలో పడ్డ ఎలుక" అని సామెత మాత్రం వాడతాం. వాడే చోటు పోతే మాట పోతుంది, అన్నీ ఒకే కవర్లో వేసి ముడేశాక అన్నిటికీ చెత్త అనే ఒక్క పేరే మిగిలింది.

అందుకే 2016లో ఘన వ్యర్థాల నియమాలు వచ్చి విడదీసి ఇవ్వమన్నప్పుడు, 2021 అక్టోబరు 2న విజయవాడలో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం మొదలుపెట్టి ఇంటికి మూడు బుట్టలు, ఆకుపచ్చ, నీలం, ఎరుపు ఇచ్చినప్పుడు, తడి చెత్త, పొడి చెత్త అని ముందు ఒక మాట తగిలించాల్సి వచ్చింది. తడి చెత్త అంటే పాత అర్థంలో గార్బేజ్, పొడి చెత్త అంటే ట్రాష్. అడిగిన చెల్లెమ్మకి నా జవాబు ఇదే, ఇంతకన్నా సూటిగా నేను చెప్పలేను.

రబ్బిష్ సంగతేంటని ఒకాయన అడిగారు. అది రబుల్‌కి చుట్టం, రాళ్లూ ఇటుక ముక్కలూ. బ్రిటిష్‌వాళ్లు ఇప్పుడు అన్ని చెత్తలకీ అదే వాడతారు గానీ మన బెజవాడ మేస్త్రీలు మాత్రం పాత అర్థాన్నే పట్టుకున్నారు. పాత ఇల్లు పడగొట్టాక "రబ్బిష్ రెండు ట్రాక్టర్లు తోలాలి" అంటారు, అందులో అరటి తొక్క ఉండదు.

ఇంజనీరింగ్ చదివే ఒక తమ్ముడు కంప్యూటర్లో ఈ రెండు మాటల సంగతేంటని అడిగాడు. చాలా మంచి ప్రశ్న తమ్ముడూ. సీ అనే ప్రోగ్రామింగ్ భాషలో లోకల్ వేరియబుల్‌కి, అంటే విలువ దాచుకోవడానికి పేరు పెట్టుకున్న చోటుకి, విలువ ఇవ్వకుండా ప్రింట్ చేస్తే వచ్చేది గార్బేజ్ వాల్యూ, ట్రాష్ వాల్యూ అనరు. మెమరీలో ముందున్నవాడు వదిలేసి పోయింది అది, ఎంగిలి విస్తరి లాంటిది, దేనికీ పనికిరాదు. గార్బేజ్ కలెక్షన్ కూడా అంతే, 1960 నాటికే లిస్ప్ అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాషలో, దాన్ని తయారుచేసిన జాన్ మెకార్తీ ఆ పద్ధతి పెట్టాడు, ఇక ఎవరికీ అందని మెమరీని ఊడ్చేయడం. అదే 1984లో వచ్చిన ఆపిల్ మెకింటాష్ కంప్యూటర్ తెర మీద పెట్టిన బుట్ట పేరు ట్రాష్. అందులో వేసిన ఫైల్ నలిపి పారేసిన కాగితం లాంటిది, ఖాళీ చేసేదాకా తీసి సాపు చేసుకోవచ్చు. ఆ పేర్లు పెట్టినవాళ్లు తడీ పొడీ ఆలోచించి పెట్టారని నేను అనను గానీ, అలవాటైన చెవి వాటిని సరైన చోటే పెట్టింది.

నిన్న ఒక బోరెం చూసి రిపోర్టు తెలుగులో రాయాల్సి వచ్చింది. చెత్త శాతం అని మొదలుపెట్టి, కొట్టేసి, "ఆకు ఎక్కువగా ఉంది" అని రాశాను. రైతు చదువుకుని ఏమీ అడక్కుండా సంతకం పెట్టాడు.