పియానో శ్రుతి చేసే పని: సొంతంగానా, జీతానికా?

బ్రాడీపేట, గుంటూరు:
ఒక వాద్యాల దుకాణంలో ఆరేళ్లుగా పియానోలు, హార్మోనియాలు బాగుచేస్తున్నాను. జీతం వేళకు వస్తుంది గానీ, పని పద్ధతిగా చేసే వీలు లేదు. మొన్న ఏళ్ల తరబడి ముట్టని పియానో ఒకటి వస్తే, ముందు తీగలన్నిటినీ బిగించి శ్రుతిని సుమారుగా పైకి తెచ్చి, కొన్ని రోజులు ఆగి మళ్లీ సరిచేయాలన్నాను. ఒక్క పూటలో ముగించమన్నారు. అందుకే సొంతంగా చేసుకోవడమే మేలనుకుంటున్నాను. మీరేమంటారు?

పటమట, విజయవాడ:
తొందరపడవద్దు. మన రెండు ఊళ్లలో పియానోలు ఎన్ని ఉన్నాయో ముందు లెక్క వేసుకోండి. పిల్లలు ఎక్కువగా నేర్చుకునేది ఎలక్ట్రానిక్ కీబోర్డు మీద. దానికి శ్రుతి చేసే పనే లేదు. చర్చిల వారికి మనం గుర్తుకు వచ్చేది క్రిస్మస్ ముందు. నాలుగేళ్లు సొంతంగా చేసి, అద్దె కట్టలేక మళ్లీ జీతంలో చేరినవాణ్ణి కనుక చెబుతున్నాను.

అరండల్‌పేట, గుంటూరు:
పటమట వారి లెక్క పియానో ఒక్కదానితో బతకాలనుకునే వారికి సరిపోతుంది. పదిహేనేళ్లుగా నాకు అన్నం పెడుతున్నది హార్మోనియం. రీడును, అంటే లోపల కంపించి స్వరం పలికే ఇత్తడి రేకును, కొన దగ్గర గీకితే శ్రుతి పెరుగుతుంది, బిగించిన మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది. ఇంత చిన్న పనికి భజన బృందాల వారు ఏడాది పొడవునా వస్తూనే ఉంటారు. పియానో నా తృప్తి కోసం. 88 మెట్లకు దాదాపు 230 తీగలు. మూడు తీగల మెట్టు దగ్గర పక్క రెండింటినీ ఫెల్టు గుడ్డతో ఆపి, మధ్యదాన్ని సరిచేసి, రెండోదాన్ని దానితో కలిపేటప్పుడు నాదంలో వినిపించే ఊగిసలాట నెమ్మదిస్తూ నెమ్మదిస్తూ ఆగిపోతుంది చూడండి, ఆ క్షణం కోసం ఎంత దూరమైనా వెళ్తాను.

పటమట, విజయవాడ:
తృప్తి సంగతి సరే. వానాకాలపు తేమకు సౌండ్‌బోర్డు, అంటే తీగల నాదాన్ని పెంచే చెక్క పలక, ఉబ్బి శ్రుతి పైకి పోతుంది, ఏసీ గదిలో ఆరి కిందికి దిగుతుంది. అప్పుడు ‘మీరు చేసి రెండు నెలలైనా కాలేదే’ అన్న మాట పడేది ఎవరు? ఆ మాటకు జంకి డబ్బు తీసుకోకుండా చేసివచ్చిన రోజులు నాకున్నాయి. జీతగాడైతే ఆ నష్టం దుకాణానిది.

అరండల్‌పేట, గుంటూరు:
తేమ సంగతి పని మొదలుపెట్టకముందే చెప్పాలండీ. తర్వాత చెబితే సాకులాగే వినిపిస్తుంది.

బ్రాడీపేట, గుంటూరు:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఉద్యోగం ఇప్పుడే మానను. యజమానికి చెప్పి, ఆదివారాలు ఇంటి దగ్గర హార్మోనియాలు పట్టి చూస్తాను. తీగలు బిగించే ట్యూనింగ్ లివరు మాత్రం దుకాణానిది, పియానో పని ఒప్పుకునే ముందు సొంతంగా ఒకటి కొనుక్కోవాలి.