బాక్సులోనే నిలబడిన బ్యాటర్‌ను ఔట్ ఇవ్వవచ్చా? సాఫ్ట్‌బాల్ ఇంటర్‌ఫియరెన్స్ నిబంధనపై సందేహం

ప్రశ్న: కొత్త కోచ్

నేను అమ్మాయిల ఫాస్ట్‌పిచ్ (బంతిని వేగంగా విసిరే సాఫ్ట్‌బాల్) జట్టుకు ఈ ఏడాదే శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టాను. మొన్న ఒకే మ్యాచ్‌లో మా బ్యాటర్లు ఇద్దరు ఇంటర్‌ఫియరెన్స్ (ప్రత్యర్థి ఆటకు అడ్డుపడటం) కింద ఔటయ్యారు. ఆ రెండు నిర్ణయాలూ నాకు ఇప్పటికీ మింగుడుపడడం లేదు.

మొదటిసారి, ఒకటో బేస్ మీదున్న మా రన్నర్ రెండో బేస్‌కు స్టీల్ చేస్తుండగా (బంతిని ఎవరూ కొట్టకుండానే పరుగెత్తుతుండగా) బ్యాటర్ బలంగా బ్యాట్ తిప్పింది, కానీ బంతి తగలలేదు. అది రెండో స్ట్రైక్ మాత్రమే. ఆ ఊపుకు ఆమె ముందుకు తూలి హోమ్ ప్లేట్ (రన్నర్ పరుగు పూర్తి చేసే పలక) మీద కాలు పెట్టింది, ప్లేట్ వెనుక బంతి పట్టుకుని విసరబోయిన క్యాచర్ చెయ్యెత్తి ఆగిపోయింది. అంపైర్ బ్యాటర్‌ను ఔట్ ఇచ్చి, రన్నర్‌ను ఒకటో బేస్‌కు పంపారు.

రెండోసారి మా రన్నర్ మూడో బేస్ మీద ఉంది. పిచ్ (పిచ్చర్ విసిరిన బంతి) క్యాచర్‌ను దాటి వెనుక కంచెకు తగిలి ఆగింది. క్యాచర్ పరుగెత్తి బంతిని అందుకుని, ప్లేట్ దగ్గరకు వచ్చిన పిచ్చర్‌కు విసిరింది. మా బ్యాటర్ మాత్రం బాక్సులోనే (బ్యాటర్ నిలబడేందుకు గీసిన చోటు) కదలకుండా నిలబడింది, పిచ్చర్ ఆమెను ఢీకొని బంతిని జారవిడిచింది. పరుగు చెల్లలేదు, బ్యాటర్ ఔటైంది. "బాక్సులో కదలకుండా ఉంటే మీకేమీ కాదు" అని పిల్లలకు చెప్పింది నేనే. నేను తప్పు నేర్పానా?

జవాబు: ప్లేట్ అంపైర్

కోచ్ గారూ, మీరు చెప్పినట్టే జరిగి ఉంటే రెండు నిర్ణయాలూ సరైనవే. మీరు నేర్పిన మాట సగం నిజం, ఆ మిగతా సగంలోనే చాలామంది పొరబడతారు.

బ్యాటర్ బాక్సు దాటి వచ్చి, క్యాచర్ బంతిని పట్టడానికో విసరడానికో అడ్డమైతే, ఆమె ఉద్దేశం ఏమిటన్న ప్రశ్నే ఉండదు. తూలి పడినా, కావాలని అడుగు వేసినా ఫలితం ఒకటే. బాక్సు లోపల ఉన్నప్పుడు క్యాచర్ విసురుకు అడ్డమైతే మాత్రం, అది ఉద్దేశపూర్వకమని అంపైర్‌కు అనిపించాలి. 3 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు ఉన్న ఆ చోటు ఆమెదే కనుక, మామూలుగా బ్యాట్ తిప్పి అక్కడే నిలబడిన బ్యాటర్‌ను క్యాచర్ దాటుకుని విసరాలి.

హోమ్ ప్లేట్ దగ్గరి ఆట వేరు. అక్కడ బాక్సు ఆశ్రయం కాదు. పిచ్ అప్పుడే వచ్చి, క్షణంలో అంతా జరిగిపోతే బ్యాటర్‌ను తప్పుపట్టలేము. కానీ బంతి కంచె దాకా వెళ్లి తిరిగి వచ్చేంత వ్యవధి దొరికినప్పుడు ఆమె పక్కకు తప్పుకోవాలి. ఆ వ్యవధి చాలునా లేదా అన్నది అంపైర్ విచక్షణ, నేను ఎక్కువగా ఆలోచించేదీ అక్కడే.

జవాబు: మాజీ క్యాచర్

మొదటి ఘటన గురించి ఒక మాట. హోమ్ నుంచి రెండో బేస్‌కు సుమారు 84 అడుగుల 10 అంగుళాలు. పిచ్చర్ చేయి విడిచిన క్షణంలోనే రన్నర్ బయలుదేరుతుంది కాబట్టి, క్యాచర్ ఒక్క అడుగు తడబడినా ఆ విసురు వృథా. ప్లేట్ మీదకు వంగిన హెల్మెట్ సరిగ్గా నా చేయి ముందుకు రావలసిన దారిలో కనిపించేది. అలాంటప్పుడు బంతిని బ్యాటర్‌కు తగిలేలా విసిరితేనే అంపైర్ ఔట్ ఇస్తారని కొందరు శిక్షకులు పిల్లలకు చెబుతారు. దయచేసి అలా నేర్పకండి. తగలవలసిన అవసరం నిబంధనలో లేదు, పైగా అది ప్రమాదం. విసరడానికి నిజంగా ప్రయత్నించినట్టు అంపైర్‌కు కనిపిస్తే చాలు.

జవాబు: బేస్‌బాల్ ఆటగాడు

బేస్‌బాల్‌లో ఇద్దరికంటే తక్కువ మంది ఔటైనప్పుడు హోమ్ దగ్గర బ్యాటర్ అడ్డుపడితే రన్నర్‌నే ఔట్ ఇస్తారు కదా? పైగా అడ్డంకి ఉన్నా క్యాచర్ విసురుతో రన్నర్ ఔటైతే, ఆ ఔటే నిలుస్తుంది, బ్యాటర్‌కు ఏమీ కాదు.

జవాబు: ప్లేట్ అంపైర్

బేస్‌బాల్ వరకు మీరు చెప్పింది నిజమే. కానీ యూఎస్‌ఏ సాఫ్ట్‌బాల్ నిబంధనల ప్రకారం అడ్డంకి జరిగిన క్షణమే బంతి డెడ్ అవుతుంది (ఆట ఆగిపోతుంది), ఆ తరువాత ఏం జరిగినా లెక్కలోకి రాదు. బ్యాటర్ ఔట్, రన్నర్లు ఆ క్షణానికి చివరిగా తాకిన బేస్‌కు వెళ్లాలి. రెండు ఆటలూ ఆడేవారు ఈ తేడా దగ్గరే వాదనకు దిగుతుంటారు.

ప్రశ్న: కొత్త కోచ్

ఇప్పుడు స్పష్టమైంది. పిచ్ వెనక్కి పోగానే బ్యాటర్ బంతి ఎటు వెళ్లిందో చూసి, దానికి ఎదురు దిక్కుకు తప్పుకోవడం రేపటి నుంచే సాధన చేయిస్తాను. ఇంకొక్క సందేహం: మొదటి ఘటనలో అది మూడో స్ట్రైక్ అయి, బ్యాటర్ అప్పటికే ఔటై ఉంటే ఏమవుతుంది?

జవాబు: ప్లేట్ అంపైర్

ఔటైన ఆటగాడు మరో రన్నర్ మీద జరిగే ఆటకు అడ్డుపడినట్టు అవుతుంది. బంతి డెడ్, హోమ్‌కు అత్యంత దగ్గరగా ఉన్న రన్నర్ ఔట్. మీ జట్టుకు ఉన్నది ఆ ఒక్క రన్నరే కనుక, ఒకే పిచ్‌కు రెండు ఔట్లు పడేవి.