బడిలో పిల్లలే చేత్తో తిప్పి చూసే విజ్ఞాన పరికరాలు: మీ అనుభవాలు తెలపండి

నాగావళి తీరం (శ్రీకాకుళం)
మా ఉన్నత పాఠశాలలో ఖాళీగా ఉన్న ఒక గదిని విజ్ఞాన ప్రదర్శనకు కేటాయించారు. విహారయాత్రల్లో మా పిల్లలు మీట నొక్కి, దీపం వెలగగానే పక్క బల్ల దగ్గరికి పరుగెత్తడం చూశాను కనుక అటువంటివి పెట్టాలని లేదు. పిల్లలను కాసేపైనా నిలబెట్టి ఆలోచింపజేసిన పరికరాలు ఏవో అనుభవజ్ఞులు చెప్పగలరు.

కోట వీధి (విజయనగరం)
మేస్టారూ, పరికరంలో పిల్లవాడు మార్చగలిగినది ఏదైనా ఉందా, మార్చితే ఫలితం కూడా మారుతుందా అన్నదే చూడండి. నేను పాఠం చెప్పిన కళాశాలలో అన్నిటికంటే ఎక్కువ వాదన పుట్టించినది లోలకం. సమానమైన పొడవు గల రెండు దారాలకు ఇనుప గుండు ఒకటి, చెక్క గుండు ఒకటి కట్టి, ఏది ముందు తిరిగి వస్తుందని అడిగితే చాలామంది బరువైనదే అని పట్టుబడతారు. రెండూ కలిసి ఊగడం చూశాక దారం పొడవు మార్చమనండి. మీటరు దారానికి ఒక పూర్తి ఊపు దాదాపు 2 సెకన్లు. దానిని 1 సెకనుకు తేవాలంటే దారాన్ని సగం చేస్తే చాలదని, 25 సెంటీమీటర్లకు తగ్గించాలని వాళ్లే కనిపెట్టేవరకు మనం నోరు మెదపకూడదు, అదే కష్టం. శాన్ ఫ్రాన్సిస్కోలో 1969లో, చూడవచ్చినవాళ్లే పరికరాలను చేత్తో తిప్పి చూసే విజ్ఞాన ప్రదర్శనశాల అయిన ఎక్స్‌ప్లోరటోరియం నెలకొల్పిన భౌతిక శాస్త్రవేత్త ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ అంతకుముందు కొలరాడోలో ఉన్నత పాఠశాల పిల్లలకు పాఠాలు చెప్పారు. ఆయన పద్ధతికి వేళ్లు ఆ తరగతి గదుల్లోనే ఉన్నాయని నా అభిప్రాయం.

రేకుల షెడ్డు (బొబ్బిలి)
బడులకు ఇటువంటివి చేసి ఇచ్చేవాడిగా ఒక మాట. మోటారు ఉన్నది ముందుగా మూలపడుతుంది; చేతి పిడి, సైకిల్ బేరింగు ఉన్నది నిలుస్తుంది, పాడైనా ఊళ్లోనే బాగవుతుంది. తక్కువ ఖర్చులో కావాలంటే ఒకే పొడవున్న అల్యూమినియం గొట్టం, ప్లాస్టిక్ గొట్టం నిలువుగా బిగించి, గట్టి అయస్కాంతపు బిళ్ళను రెండింటిలోనూ వదలమనండి. అల్యూమినియానికి అయస్కాంతం అతుక్కోదని తెలిసిన పిల్లలు, అది అందులో మెల్లగా దిగడం చూసి గొట్టంలోకి తొంగిచూస్తారు. పడే అయస్కాంతం గొట్టం గోడలో విద్యుత్తును పుట్టిస్తుంది, ఆ విద్యుత్తు దాని వేగాన్ని అడ్డుకుంటుంది. నిలువునా చీల్చిన మూడో గొట్టం కూడా పెట్టండి. అందులో కొంత వేగంగా పడుతుంది, అప్పుడు అసలు ప్రశ్నలు మొదలవుతాయి.

తూరుపు గుమ్మం (శ్రీకాకుళం)
గది బయట కూడా చోటు ఉంచండి. అరసవల్లిలో మార్చిలోనూ అక్టోబరులోనూ స్వామి పాదాలపై సూర్యకిరణాలు పడతాయని మన పిల్లలందరికీ తెలుసు కానీ, ఏడాదికి రెండుసార్లే ఎందుకని అడిగేవారు తక్కువ. ఆవరణలో నిటారుగా ఒక కర్ర పాతి, నీడ కొసను ఏడాది పొడవునా గుర్తు పెట్టిస్తే, సూర్యుడు వెళ్లిన దారినే తిరిగి వస్తాడని వాళ్లకే అర్థమవుతుంది. మన అక్షాంశంలో మే నెల మధ్యలోనూ జూలై ఆఖరులోనూ మధ్యాహ్నం ఆ కర్రకు నీడే ఉండదు. మేలో సెలవులు కనుక జూలై రోజును నమ్ముకోవాలి. మబ్బు పడితే మాత్రం చేయగలిగింది లేదు.

నాగావళి తీరం (శ్రీకాకుళం)
అందరికీ కృతజ్ఞతలు. వివరణ పలకలు పెట్టమని మా అధికారులు కోరుతున్నారు. పెట్టవచ్చునా?

కోట వీధి (విజయనగరం)
పెట్టండి, కానీ పలక మీద ప్రశ్న మాత్రమే రాయించండి. జవాబును మూత ఉన్న పెట్టెలో ఉంచితే తనిఖీకి వచ్చినవారూ తృప్తి పడతారు.

రేకుల షెడ్డు (బొబ్బిలి)
మూతకు తాళం వేయకండి. తాళం కనిపిస్తే వాళ్లు పరికరాన్ని వదిలి దాని మీద పడతారు.