విదేశీ పక్షులు, తాబేళ్లు అమ్మే షాపు గురించి ఎవరికి చెప్పాలి?

వైజాగ్‌లో ఉన్నవాళ్లు, ముఖ్యంగా పశువైద్యులు గానీ అటవీ శాఖలో పనిచేసినవాళ్లు గానీ ఉంటే కాస్త చెప్పండి.

ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ కింద కొత్తగా పెట్ షాపు పెట్టారు. సన్ కాన్యూర్లు (ఒక రకం చిలుకలు), ఇగువానాలు (పెద్ద బల్లుల్లాంటివి), చెవుల దగ్గర ఎర్ర మచ్చ ఉండే బుల్లి తాబేళ్లు, అన్నీ ఒకే గదిలో, బోను మీద బోను. పై బోనులోని రెట్ట కింద బోనులో నీళ్ల గిన్నెలో పడుతోంది. రిజిస్ట్రేషన్ ఉందా అని అడిగితే "ఇవి ఫారిన్ బ్రీడ్ సార్, మన చట్టం వర్తించదు" అన్నాడు.

అది తప్పే కదా? 2018 పెట్ షాప్ రూల్స్ ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు ఉండాలి. వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణతో సైట్స్ (వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలోని విదేశీ జీవులు నాలుగో షెడ్యూలులోకి వచ్చాయి. 2024 నియమాల ప్రకారం వాటిని కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి.

నా టెన్షన్ కాగితాల గురించి కాదు. చిలుక జాతి పక్షుల ఎండిన రెట్ట దుమ్ము పీలిస్తే సిట్టకోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు, న్యుమోనియా దాకా పోతుంది. తాబేళ్ల నుంచి పిల్లలకు సాల్మొనెల్లా (విరేచనాలు, జ్వరం తెచ్చే బ్యాక్టీరియా) సోకుతోందనే అమెరికాలో 1975లోనే నాలుగు అంగుళాల లోపు తాబేళ్ల అమ్మకం ఆపేశారు. ఇక్కడేమో సాయంత్రమైతే బిల్డింగ్ పిల్లలంతా ఆ తాబేళ్ల తొట్టెలో చేతులు పెట్టి ఆడుతుంటారు. మా అత్తగారికి అసలే ఆయాసం.

ఫిర్యాదు జీవీఎంసీకా (నగర కార్పొరేషన్), పశుసంవర్ధక శాఖకా, అటవీ శాఖకా? ఫొటోలు జతచేస్తే చాలా? షాపు మూయించాలని కాదు. కొత్తగా వచ్చినవాటిని కొన్నాళ్లు విడిగా ఉంచి, డాక్టర్‌కి చూపించి అమ్మితే చాలు. ఇలా అడిగి పని జరిపించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?