తోటలో సిమెంటు కొంగలు: ముచ్చటా, చాదస్తమా?

పెరటి చిక్కుడు (శ్రీకాకుళం):
మా ఇంటి ముందు రెండు సెంట్ల జాగాలో నందివర్ధనం, మందారం, కనకాంబరాలు ఉన్నాయి. మొన్న మా ఆవిడ వాటి మధ్య సిమెంటు కొంగల జతనూ, గడ్డం ఉన్న మరుగుజ్జు బొమ్మనూ తెచ్చి పెట్టింది. మా నాన్నగారు చూసి "ఇది తోటా, తీర్థమా?" అన్నారు. ఇల్లు రెండు పక్షాలైంది. మీరేమంటారు?

టెక్కలి వాడిని:
నాన్నగారి పక్షం. మా దగ్గర తేలినీలాపురానికి ఏటా అసలు కొంగలే వచ్చి చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని చేసుకుని పోతాయి. వాటిని చూసిన కంటికి సిమెంటు కొంగ ఆనుతుందా? ఆ డబ్బుతో ఒక చెట్టు నాటండి.

కోట బురుజు (విజయనగరం):
రెండు సెంట్లలో చెట్టు నాటితే ఆ కొంగలు దిగుతాయా, టెక్కలి గారూ? ఇక మరుగుజ్జు సంగతి. అది జర్మనీ సరుకు. 1840ల్లో చార్లెస్ ఐషమ్ అనే జమీందారు ఇంగ్లండులోని తన లాంపోర్ట్ హాల్ తోటకు అలాంటివి తెప్పించాడు. అక్కడా ఇదే పేచీ: చెల్సీ పూల ప్రదర్శనలో వీటిని రానివ్వరు, 2013లో నూరేళ్ల పండగకని ఆ ఏడాదికి సడలించారు. కొత్త ఇంటికి కోరలున్న రాక్షసుడి తల కట్టుకునే మనకు గడ్డం తాత ఎబ్బెట్టా?

టెక్కలి వాడిని:
రాక్షసుడు దిష్టికి. తాత దేనికి?

కోట బురుజు:
నవ్వుకోవడానికి. అది చాలదా?

పలాస జీడితోట:
మీ వాదం మీరు కానివ్వండి, నా నష్టం వినండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు మా ఫైబర్ జింక ఎగిరి పక్కింటి కిటికీ అద్దం పగలగొట్టింది. అద్దం ఖరీదు జింక కంటే ఎక్కువ. అప్పటి నుంచి ఏ బొమ్మ పెట్టినా ఇనుప చువ్వ దింపి కాంక్రీటు పోస్తున్నాను. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మలు ఆరుబయట అసలు వద్దు, వానలకు మెత్తబడి రాలిపోతాయి. ఇంకొకటి: కొంగ రెక్కల మధ్య గుంటలో, కప్ప నోట్లో నీళ్లు నిలుస్తాయి. డెంగీ దోమకు అలాంటి నీళ్లే కావాలి, గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. వారానికోసారి ఒంపేయండి, లేదా అడుగున కన్నం పెట్టండి.

పెరటి చిక్కుడు:
ఇప్పుడే వెళ్లి చూశాను. రెక్కల మధ్య నీళ్లలో దోమ పిల్లలు ఈదుతున్నాయి! కన్నం పెట్టబోతే రెక్క విరిగింది. విచిత్రం ఏమిటంటే, అతికించడానికి సిమెంటు కలుపుతున్నది మా నాన్నగారే. తాత బొమ్మ మాత్రం కనకాంబరాల వెనక్కి పోయింది. మా ఆవిడ ఇంకా చూడలేదు.