సమస్యాపూరణం: "వెన్నుఁ జూపిన చోటనే వెలసెఁ గీర్తి"

ఈ వారం సమస్య తేటగీతి పాదం. నియమం ఒకటే: ప్రాచీన గ్రీకు మాట "త్రొపే" అర్థాల్లో ఏదో ఒకటి పూరణలో పలకాలి. త్రొపే అంటే తిరగడం, మలుపు. ఆకాశంలో సూర్యుడు మళ్ళినా, యుద్ధంలో సైన్యం వెన్నిచ్చి పారిపోయినా వాళ్ళకు అదే మాట. 1865లో భౌతికశాస్త్రవేత్త క్లౌసియస్ "ఎంట్రొపీ" అని పేరు పెట్టిందీ దీన్నుంచే.

గుంటూరు అక్కయ్య:
మారథానునఁ బారసీ మంది తిరుగ
మొదట మళ్ళిన తావున మోడు నిలిపి
గెలిచినట్టి కవచములఁ గీలుకొలుప
వెన్నుఁ జూపిన చోటనే వెలసెఁ గీర్తి.

నెల్లూరు మాష్టారు: అక్కయ్యా, సమస్యకు ప్రాణం పట్టారు. వెన్ను చూపింది ఒకరు, కీర్తి మరొకరిది. శత్రువు మళ్ళిన చోట చెట్టు మోడు పాతి, దిష్టిబొమ్మకు చొక్కా తొడిగినట్టు దానికి శిరస్త్రాణం, కవచం, డాలు తగిలించేవారు. దాని పేరు "త్రొపైయోన్", మన "ట్రోఫీ" దాన్నుంచి వచ్చిందే. రాతితో కాక కొయ్యతో ఎందుకంటే, పగ గుర్తులు త్వరగా చివికిపోవాలని. గ్రీకు చరిత్రకారుడు డయోడోరస్ రాసిన చరిత్రలో ఒక వక్త ఈ మాటే అంటాడు. నాకు ఎంతో నచ్చిన సంగతి ఇది. కానీ మారథానులో గ్రీకు యాత్రికుడు పౌసానియస్ చూసింది తెల్లరాతి చిహ్నం. మోడు ఉంచాలంటే మారథాను వదలాలి.

గుంటూరు అక్కయ్య: నిజమే మాష్టారూ. మోడునే ఉంచుతాను. మొదటి పాదం ఇలా మారుస్తున్నా: "రణము నడుమను శాత్రవ రాశి తిరుగ."

హైదరాబాద్ తమ్ముడు:
సూర్యుఁ డుత్తరమ్మునకునై చూపు మార్చి
దక్షిణపు సీమ విడి రాఁగఁ దళుకుమీఱఁ
పగలు పెరిగెను హెల్లాసు పల్లెలందు
వెన్నుఁ జూపిన చోటనే వెలసెఁ గీర్తి.

నెల్లూరు మాష్టారు: మన ఉత్తరాయణమే వాళ్ళ "హేలియు త్రొపై", అంటే సూర్యుడి మలుపు; హెల్లాసు అంటే గ్రీసే. ఈ శీతకాలపు మలుపు నుంచే గ్రీకు కవి హెసియడ్ అరవై రోజులు లెక్కపెట్టి, స్వాతి నక్షత్రం సాయంసంధ్యలో ఉదయిస్తుందని రైతుకు చెప్పాడు. ఆలోచన బాగుంది తమ్ముడూ, నడకా బాగుంది. కానీ పగలు పెరిగితే వెలుగు వస్తుంది, కీర్తి ఎక్కణ్ణించి వచ్చింది? నాలుగో పాదం అతికించినట్టుంది. మూడో పాదంలో ఎవరైనా సూర్యుణ్ణి కొనియాడితే సరిపోతుంది.

డాలస్ చెల్లెమ్మ: హోమర్ కావ్యం ఒడిస్సీ మొదటి పాదంలోనే కథానాయకుడు ఒడిస్యుస్‌ని "పొలుత్రొపొస్" అంటారు కదా, పలు మలుపులవాడు అని. ఇది కుదురుతుందా?
"పెక్కు మలుపులు తిరిగిన ధీరుఁ డతఁడు..."

నెల్లూరు మాష్టారు: గణాలు సరే, "పె"కు "ధీ"తో యతి చెల్లదమ్మా. "పెక్కు మలుపులు తిరిగిన బిరుదుమగఁడు" అంటే పె–బి యతి కుదురుతుంది. తక్కిన రెండు పాదాలూ నువ్వే రాసి పంపు. అతను వెన్ను చూపిన చోటు ఏదో మాత్రం జాగ్రత్తగా ఎంచుకో.