చర్చ: 2026 డిసెంబర్ తర్వాత కూడా కరెంటు బండ్లకి రోడ్డు ట్యాక్స్ మాఫీ ఉండాలా?

మూసీ_ఒడ్డు:
అందరికీ నమస్కారం. తెలంగాణలో ఈవీలకి రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మొత్తం మాఫీ అని 2024 నవంబర్ 18 నుంచి జీవో 41 నడుస్తోంది కదా, అది 2026 డిసెంబర్ 31తో అయిపోతుంది. 2020 పాలసీలో అయితే మొదటి రెండు లక్షల టూవీలర్లకే అని ఒక హద్దు ఉండేది, ఇప్పుడు ఆ హద్దు కూడా లేదు, ఎన్ని అమ్ముడైతే అన్నిటికీ మాఫీనే. గడువు అయ్యాక ఏం చెయ్యాలి అన్నది ఇప్పటినుంచే మాట్లాడుకోవాలి, చివరి నెలలో కాదు.

నా మాట ముందే చెప్పేస్తా. స్కూటర్లకి ఉంచాలి, ఖరీదైన కార్లకి తీసెయ్యాలి. లైఫ్ ట్యాక్స్ అనేది, అంటే బండి కొన్నప్పుడే ఒకేసారి కట్టే రోడ్డు ట్యాక్స్, బండి రేటు మీద శాతం లెక్కన పడుతుంది, అంటే మాఫీ కూడా రేటు పెరిగేకొద్దీ పెరుగుతుంది. లక్ష రూపాయల స్కూటర్ కొన్న మనిషికి 12 శాతం వేసుకుంటే పన్నెండు వేలు మిగిలాయి. అరవై లక్షల కారు కొన్నాయనకి 18 శాతమే వేసుకున్నా పది లక్షల ఎనభై వేలు మిగిలాయి. తొంభై మంది స్కూటర్ వాళ్ళకి ఇచ్చేంత డబ్బు ఒక్క కారుకి ఇస్తున్నాం, పైగా ఆయన ట్యాక్స్ ఉన్నా ఆ కారు కొనేవాడే. కర్ణాటకలో 2024లోనే 25 లక్షలు దాటిన ఈవీ కార్లకి 10 శాతం లైఫ్ ట్యాక్స్ పెట్టారు, మనం ఎందుకు పెట్టకూడదు?

నానక్‌రామ్‌గూడ_నైట్‌షిఫ్ట్:
బ్రో అరవై లక్షల కారు ఉదాహరణ తీసుకుంటే ఎవరికైనా కోపం వస్తుంది, కానీ రోడ్డు మీద తిరిగే ఈవీల్లో అవెన్ని? నాది పదిహేడు లక్షల కారు, ఈఎంఐ మీద కొన్నా, ఇద్దరం ఉద్యోగం చేస్తేనే నడుస్తుంది. అదే సైజు పెట్రోల్ కారుకి దీనికి షోరూమ్ రేటులో మూడు లక్షల పైన తేడా, ఆ తేడాని దాదాపు సమం చేసింది ఈ రోడ్డు ట్యాక్స్ మాఫీ ఒక్కటే. అది లేకపోతే నేను కచ్చితంగా పెట్రోల్‌కే పోయేవాడిని.

ఇంకోటి చూడండి, దేశం మొత్తం మీద 2024-25లో అమ్ముడైన టూవీలర్లలో ఈవీలు ఆరు శాతం దాకా ఉంటే కార్లలో మూడు శాతం కూడా లేవు. అంటే ఇంకా చేయి పట్టుకుని నడిపించాల్సింది కార్లనే. మహారాష్ట్రలో 2025 బడ్జెట్‌లో 30 లక్షలు దాటిన ఈవీలకి 6 శాతం ట్యాక్స్ అని ప్రకటించి మళ్ళీ వాళ్ళే వెనక్కి తీసుకున్నారు, ఊరికే తీసుకోలేదు కదా.

లెక్కల_మాస్టారు_కరీంనగర్:
ఆవేశం పక్కన పెట్టి లెక్క చూద్దాం బాబూ. నాకు స్కూటర్ లెక్క బాగా తెలుసు కాబట్టి అదే చెప్తా.

పెట్రోల్ స్కూటర్ లీటర్‌కి 45 ఇస్తుంది అనుకుంటే, లీటర్ 107 వేసుకుంటే కిలోమీటర్‌కి రెండు రూపాయల నలభై పైసల దగ్గర. కరెంటు స్కూటర్‌కి చార్జింగ్‌లో పోయేది కూడా కలిపి వంద కిలోమీటర్లకి మూడు నుంచి మూడున్నర యూనిట్లు, యూనిట్ ఏడు ఎనిమిది రూపాయలు వేసుకున్నా పాతిక, ముప్పై పైసలు. కిలోమీటర్‌కి రెండు రూపాయల పది పైసలు మిగులు.

ఇప్పుడు రేటు వైపు చూడండి. 2025 సెప్టెంబర్ 22న 350 సీసీ లోపు పెట్రోల్ బండ్ల జీఎస్టీ 28 నుంచి 18కి దించారు, 90 వేల స్కూటర్ మీద అది ఏడు వేల తగ్గుదల. ఈవీకి ఎప్పటిలాగే 5 శాతం, కొత్తగా వచ్చిందేం లేదు. కేంద్రం ఈవీలకి ఇచ్చే పీఎం ఈ-డ్రైవ్ సబ్సిడీ మొదటి ఏడాది బండికి గరిష్ఠంగా పది వేలు ఉండేది, తర్వాత ఐదు వేలు చేశారు, స్కూటర్లకి దాని గడువే 2026 మార్చి 31 అని పెట్టారు. ఈ రెండూ కలిపితేనే తేడా పన్నెండు వేలు పెరిగింది. మిగిలిన ఐదు వేలు కూడా పోయి, దాని మీద రోడ్డు ట్యాక్స్ పడితే లక్షా పది వేల బండికి తక్కువలో తక్కువ పదమూడు వేలు. మొత్తం ముప్పై వేలు. దీన్ని రెండు రూపాయల పది పైసలతో భాగించండి, పద్నాలుగు వేల కిలోమీటర్ల పైన తిరిగితే గానీ ఆ డబ్బు తిరిగి రాదు.

నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరిగే డెలివరీ కుర్రాడికి అది ఏడాదీ రెండు నెలల పని, వాడికి ఇబ్బంది లేదు. రోజుకి పది కిలోమీటర్లు బజారుకీ బడికీ తిరిగే వాళ్ళకి నాలుగేళ్ళు పడుతుంది. వాళ్ళు కొనరు. కాబట్టి స్కూటర్ మీద మాఫీ తియ్యకూడదు అన్నది నా పక్షం. కార్ల సంగతి మీరూ మీరూ తేల్చుకోండి.

హన్మకొండ_సుజాత:
మాస్టారు గారూ మీ లెక్కలో ఒకటి వదిలేశారు, గృహజ్యోతి, అదే నెలకి 200 యూనిట్ల లోపు వాడే ఇళ్ళకి ఉచిత కరెంటు పథకం. మాది అద్దె ఇల్లు, నెలకి 190 యూనిట్లు వస్తుంది, 200 లోపు కాబట్టి జీరో బిల్లు. స్కూటర్ చార్జింగ్ నెలకి ముప్పై యూనిట్లు కలిస్తే 220. అప్పుడు ఆ ఇరవై యూనిట్లకే బిల్లు వస్తుందా అంటే రాదు, మొత్తం 220కి వస్తుంది, మొదటి 200కి 5.10 చొప్పున, పైన వాటికి 7.70 చొప్పున, అన్నీ కలిపి పన్నెండు వందల దగ్గర. అంటే నా స్కూటర్‌కి ముప్పై యూనిట్ల కరెంటు ఖరీదు పన్నెండు వందలు అన్నమాట, యూనిట్‌కి నలభై రూపాయలు. పెట్రోల్ మీద మిగిలేదాంట్లో సగం అక్కడే పోతుంది.

మా స్కూల్లో టీచర్లు చాలామంది ఈవీ కొందామనుకుని ఇదే లెక్క వేసుకుని ఆగిపోయారు. విడిగా ఈవీ కనెక్షన్ తీసుకోవచ్చు కదా అంటారు, అద్దె ఇంట్లో ఓనర్ ఇంకో మీటర్‌కి ఒప్పుకోవాలి కదండీ. రోడ్డు ట్యాక్స్ ఉంచినా తీసినా, చార్జింగ్ యూనిట్లని ఆ 200 నుంచి మినహాయించకపోతే మాలాంటి ఇళ్ళల్లోకి ఈ బండి రాదు.

పాలమూరు_బస్సు:
నేను మాఫీ మొత్తం తీసెయ్యాలి అనే పక్షం, స్కూటర్‌కి కూడా. తిట్టుకునే ముందు వినండి. తెలంగాణలో పెట్రోల్ మీద వ్యాట్ 35.20 శాతం, లీటర్‌కి 28 రూపాయల దాకా రాష్ట్రానికి వస్తుంది. మాస్టారు చెప్పిన ఆ వెయ్యి కిలోమీటర్ల కుర్రాడు నెలకి 22 లీటర్లు కొట్టించేవాడు, అంటే నెలకి ఆరొందల పైన, ఏడాదికి ఏడు వేల పైన వ్యాట్ ఆగిపోయింది. అది ప్రతి ఏడూ ఆగుతుంది. దానికి తోడు మొదట్లోనే పదమూడు వేల మాఫీ. రోడ్డు మీద మాత్రం ఆ బండి కూడా అంతే తిరుగుతుంది. మా మండలంలో వానాకాలం వస్తే రోడ్డు ఉందో లేదో తెలియదు, అది బాగుచెయ్యడానికి డబ్బు లేదంటారు, ఇక్కడ కొత్త బండి కొనుక్కునే స్తోమత ఉన్నవాళ్ళకి ట్యాక్స్ వదిలేస్తారు. బండి కొనలేని వాళ్ళు బస్సుల్లో తిరుగుతారు, వాళ్ళ సంగతి ఎవరు మాట్లాడతారు? ఆ డబ్బుతో ఆర్టీసీకి ఎలక్ట్రిక్ బస్సులు పెంచండి. ఒక బస్సు రోజంతా ఎంతమందిని మోస్తుంది.

పరిశ్రమలు వస్తాయి అని ఇంకో మాట అంటారు. దివిటిపల్లిలో అమరరాజా బ్యాటరీ ఫ్యాక్టరీ మా జిల్లానే, 9,500 కోట్ల పెట్టుబడి అన్నారు, నాకూ సంతోషమే. కానీ హైదరాబాద్‌లో ట్యాక్స్ మాఫీతో అమ్ముడయ్యే స్కూటర్లు చాలావరకు ఎక్కడ తయారవుతున్నాయి? హోసూరు, కృష్ణగిరి వైపు. మన ట్యాక్స్ మాఫీ, తమిళనాడులో ఉద్యోగాలు.

నానక్‌రామ్‌గూడ_నైట్‌షిఫ్ట్:
@పాలమూరు_బస్సు అన్నా, పెట్రోల్ డబ్బులో మన రాష్ట్రానికి వచ్చేది కనిపిస్తోంది గానీ దేశం దాటి పోయేది లెక్కలోకి రావట్లేదు. మనం వాడే క్రూడ్ ఆయిల్‌లో 85 శాతం పైన బయటినుంచి కొంటున్నదే. కరెంటు ఎక్కువ భాగం బొగ్గుదే అయినా ఆ బొగ్గు సింగరేణిది, ఆ జీతాలు కొత్తగూడెం, గోదావరిఖనిలో ఖర్చవుతాయి.

పాలమూరు_బస్సు:
బ్యాటరీలో సెల్లు ఎక్కడిది తమ్ముడూ? ఎక్కువగా చైనాది. మోటార్‌లో మాగ్నెట్ కూడా అంతే, 2025 ఏప్రిల్‌లో వాళ్ళు రేర్ ఎర్త్ మాగ్నెట్ల ఎగుమతికి లైసెన్సు పెడితే మన స్కూటర్ కంపెనీలు తయారీ తగ్గించుకునే దాకా వచ్చింది. దివిటిపల్లిలో సెల్లు పూర్తిస్థాయిలో తయారైన రోజు మళ్ళీ మాట్లాడుకుందాం.

స్టుట్‌గార్ట్_విశాఖ:
నేను ఇక్కడ జర్మనీలో కార్ల విడిభాగాల కంపెనీలో చేస్తున్నాను, ఒక్క విషయం చెప్పాలి. మాఫీ తియ్యాలా వద్దా అన్నదానికన్నా ఎలా తీస్తారు అన్నది పెద్ద ప్రశ్న. జర్మనీలో 2023 డిసెంబర్‌లో కోర్టు తీర్పుతో బడ్జెట్‌కి చిక్కొచ్చి ఈవీ సబ్సిడీ రాత్రికి రాత్రి ఆపేశారు. 2024లో ఎలక్ట్రిక్ కార్ల అమ్మకాలు 27 శాతం పడిపోయాయి. ఆర్డర్లు లేక సప్లయర్ కంపెనీలు షిఫ్టులు తగ్గించాయి, మా దగ్గర కూడా అదే. ఇండియాలో కూడా 2023 జూన్ 1న కేంద్రం ఈవీలకి ఇచ్చే ఫేమ్-2 సబ్సిడీని బ్యాటరీ సామర్థ్యంలో ఒక్కో యూనిట్‌కి (కిలోవాట్-అవర్) 15 వేల నుంచి 10 వేలకి, గరిష్ఠ పరిమితిని బండి రేటులో 40 శాతం నుంచి 15 శాతానికి తగ్గించినప్పుడు ఏమైంది? మే నెలలో లక్ష దాటిన స్కూటర్లు జూన్‌లో సగానికి తక్కువకి వచ్చాయి. తర్వాత కోలుకున్నాయి, నిజమే, పాత కంపెనీలు టీవీఎస్, బజాజ్ గట్టిగా నిలబడ్డాయి, కానీ చిన్న కంపెనీలు కొన్ని లేవలేకపోయాయి, వాళ్ళ బండ్లు కొన్నవాళ్ళకి సర్వీసు లేదు, స్పేర్లు లేవు.

నార్వే మాటేంటి అని ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి అదీ చెప్తా. వాళ్ళు 2001 నుంచి ఈవీలకి వ్యాట్ లేకుండా అమ్మనిచ్చి, కొత్త కార్లలో ఈవీలు ఎనభై శాతం దగ్గరికి వచ్చాక 2023లో ఐదు లక్షల క్రోనర్లు దాటిన భాగం మీద మాత్రం వ్యాట్ వేశారు. కారు మొత్తం మీద కాదు, దాటిన భాగం మీద. మనం కూడా 25 లక్షల గీత పెట్టాలనుకుంటే ఇలాగే పెట్టాలి, లేకపోతే 24 లక్షల 90 వేల కారుకి సున్నా, 25 లక్షల పది వేల కారుకి రెండున్నర లక్షలు అయిపోతుంది.

ఎల్బీనగర్_ఆటో:
గింత సేపు కార్లు స్కూటర్లే మాట్లాడిండ్రు, ఆటో మాట ఎవ్వరు తియ్యలే. అన్నా నేను ఆటో నడుపుత. ప్యాసింజర్ ఆటోలకు రోడ్డు ట్యాక్స్ తెలంగాణ వచ్చిన కొత్తల్నే మాఫీ చేసిండ్రు, గ్యాస్ ఆటోకు గూడ లేదు, కరెంటు ఆటోకు గూడ లేదు. అంటే మీరు కొట్లాడుతున్న మాఫీతోని మాకు కొత్తగ వచ్చేది ఏం లేదు. మాకు అసలు ఇబ్బంది అప్పుతోని. కరెంటు ఆటో అనంగనే ఫైనాన్స్ వాళ్ళు వడ్డీ ఎక్కువ అంటరు, కిస్తీలు తక్కువ నెలలకే పెడ్తరు, ఎందుకు అంటే రేపు పాత బండి ఎవరు కొంటరు, బ్యాటరీ పోతే దానికి విలువ ఏముంది అంటరు.

నడిపే ఖర్చు మాత్రం మస్తు తేడా ఉంది, అది ఒప్పుకోవాలె. రోజుకు 120 కిలోమీటర్లు తిప్పితే సీఎన్‌జీకి మూడొందల యాభై దాక అయితయి, ఇంట్ల చార్జింగ్ పెట్టుకుంటే ఎనభై రూపాయలు గూడ గావు. కని మాకు ఇంట్ల పార్కింగ్ ఏడిది? బండి గల్లీల పెడ్తం. బయట చార్జింగ్ పెడ్తే యూనిట్‌కు పదిహేను, ఇరవై గుంజుతరు, నూటయాభై దాటుతది, ఆ గంట గిరాకీ గూడ పోతది. ఆ పెద్ద కార్ల ట్యాక్స్ వసూలు చేసి మా లోన్ల వడ్డీ తగ్గించుండ్రి, ఆటో అడ్డాల కాడ చార్జర్లు పెట్టుండ్రి. మా బండి రోజంత తిరుగుతది, పొగ తగ్గాలంటే ముందు మాది మారాలె.

మూసీ_ఒడ్డు:
ఆటో అన్న చెప్పింది నాకు బాగా నచ్చింది, నేను స్కూటర్, కారు మధ్యే గీత గీశా గానీ వసూలైన డబ్బు ఎటు పోవాలి అన్నది చెప్పలేదు. ఇప్పటిదాకా వచ్చినవన్నీ కలిపి రవాణా శాఖకి ఒక వినతి రాద్దాం అనుకుంటున్నా. 25 లక్షలు దాటిన భాగం మీద మాత్రం ట్యాక్స్, విశాఖ అన్న చెప్పినట్టే. దాని లోపలి కార్లకి ఒక్కసారిగా కాకుండా ఏడాదికి కొంత చొప్పున మాఫీ తగ్గించాలి. స్కూటర్లకి 2030 వరకు మాఫీ. వచ్చిన డబ్బు ఆటో లోన్ల వడ్డీకి, అడ్డాల దగ్గర చార్జర్లకి. సుజాత గారి 200 యూనిట్ల విషయం విద్యుత్ శాఖది కాబట్టి దానికి విడిగా ఇంకోటి రాయాలి.

పాలమూరు_బస్సు:
బస్సులు ఎక్కడ ఇందులో? నా సంతకం కావాలంటే ఆ డబ్బులో సగం జిల్లాల ఆర్టీసీ డిపోలకి అని రాయండి, హైదరాబాద్‌కి కాదు.

ఎల్బీనగర్_ఆటో:
సగం అంటే మాకు మిగిలేది ఏముంటది అన్నా? మూడో వంతు రాయుండ్రి, దానికైతే మా అడ్డా వాళ్ళతోని గూడ సంతకాలు పెట్టిస్త.